మూడో గదిలో తొట్టి

మ్యూజియంలో ఆయన్ని అందరూ మూడో గది అనే పిలిచేవారు. "మూడో గది టీ తాగాడా?" అని ఒకరంటే, "మూడో గదికి ఇవాళ పడిశం పట్టింది" అని ఇంకొకరు. ఇరవై ఆరేళ్ళుగా ఒకే గదిలో ఒకే కుర్చీలో కూర్చున్న మనిషికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఉన్నా లేకపోయినా ఒకటే. ఆ పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడేది కాదు.

ఒకటో గదిలో చెక్కిన రాళ్ళు, రెండో గదిలో కత్తులు, నాలుగో గదిలో పాత ఫోటోలు ఉండేవి. మూడో గదిలో మిగతావన్నీ ఉండేవి. అంటే ఇంట్లో చోటు చాలక, పారేయడానికి మనసొప్పక జనం తెచ్చి ఇచ్చినవి. తూకం రాళ్ళు, ముళ్ళు లేని గడియారం, మంగలి కుర్చీ, తొక్కుడు కుట్టుమిషను, తలుపు పక్కన ఒక పెద్ద చెక్క తొట్టి. వాటిని ముట్టుకోవద్దని చెప్పడం, పిల్లలు మంగలి కుర్చీ ఎక్కితే దింపడం, వానొస్తే కారేచోట బకెట్లు పెట్టడం, సాయంత్రం అన్నీ లెక్కపెట్టి తాళం వేయడం ఆయన పని. ఇన్నేళ్ళలో లెక్క ఒక్కసారీ తప్పలేదు. తప్పడానికి ఆ సామాను ఎవరికి కావాలి గనక.

తొట్టి ఒకే దుంగను తొలిచి చేసింది. నలుగురు పట్టుకుంటే గానీ కదలదు. అంచుకి ఎడమవైపు వరసగా నాలుగు నున్నటి గుంటలు ఉండేవి. ఆయన చేరినప్పుడు దాని పక్కన ఒక చీటీ కూడా ఉండేది. మూడో ఏడు వానాకాలంలో పైకప్పు కారి ఆ చీటీ మీద సిరా కరిగిపోయింది. అదే వానకి ఆఫీసు బీరువాలోని పాత రిజిస్టరు కూడా నాని ముద్దయింది. చీటీలో ఏముండేదో ఆయనకీ గుర్తు లేదు. ఎవరో ఆడమనిషి పేరుండేదని మాత్రం లీలగా జ్ఞాపకం. రెండేళ్ళు రోజూ దాని మీద దుమ్ము తుడిచాడు గానీ, రోజూ కళ్ళముందు ఉండేదాన్ని ఎవరు చదువుతారు? కొత్త చీటీ రాయించమని ముగ్గురు అధికారుల చెవిన వేశాడు. ముగ్గురూ తప్పకుండా అన్నారు. ముగ్గురికీ బదిలీలైపోయాయి.

అబద్ధం పుట్టింది చీటీ చెరిగిన ఆ ఏడే. ఒక టీచరు నలభై మంది పిల్లల్ని తీసుకొచ్చింది. గడియారం ఎవరిదని అడిగింది. తెలీదన్నాడు. మంగలి కుర్చీ ఎప్పటిదని అడిగింది. తెలీదన్నాడు. తొట్టి ఏమిటని అడిగింది. తెలీదనబోతుంటే ఆవిడ పక్కనున్న ఇంకో టీచరుతో, ఆయనకి వినపడేలాగే, "ఈ గదిలో కుర్చీకీ కుర్చీలో మనిషికీ తేడా లేదు" అంది. ఆయనకి చెవులు ఎర్రబడ్డాయి. ఎదురుగా మెట్ల దగ్గర గోడ మీద పాత వరద ఎంత ఎత్తు వచ్చిందో చూపించే ఇత్తడి గీత ఉంది. దాని మీద చూపు పడింది. నోరు తనంతట తనే తెరుచుకుంది.

"పెద్ద వరదొచ్చినప్పుడండీ, ఈ తొట్టిలో ఒక పసిపాప కొట్టుకొచ్చింది. మూడు రోజులు నీళ్ళమీదే ఉంది. బతికింది."

నలభై మందీ నోళ్ళు వెళ్ళబెట్టారు. టీచరు పుస్తకం తీసి రాసుకుంది. తన మాటని ఒకరు రాసుకోవడం ఆయనకి పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. వెనక వరసలోంచి ఒక పిల్ల, ముందుపళ్ళు ఊడినది, చెయ్యెత్తి అడిగింది. "ఒక్కతే ఉందా? పాపకి భయం వెయ్యలేదా?" ఆ పిల్ల కళ్ళల్లో అప్పటికే నీళ్ళు నిండాయి. మూడో గది చెడ్డవాడైతే వేసిందనేవాడు. ఆయన మంచివాడు, అదే వచ్చిన చిక్కు. "లేదమ్మా. పక్కనే ఒక కుక్క ఈదుకుంటూ వచ్చింది, తోడుగా" అన్నాడు. పిల్ల కళ్ళు తుడుచుకుంది. కుక్క అలా పుట్టింది.

ఇంటికెళ్ళి వాళ్ళావిడకి చెప్పాడు. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుట్టేది. పళ్ళమధ్య గుండుసూదులు పెట్టుకునే అంది. "పాప ఎవరి పాపండీ?"

"ఏమో."

"అయితే రేపటికల్లా తేల్చుకోండి. ఎవరో ఒకరు అడుగుతారు."

అడిగారు. ఆయన తేల్చాడు. ఏడాది తిరిగేసరికి కథకి చిలవలు పలవలు వచ్చాయి. పాప ఆడపిల్ల అయింది. కుక్క నల్లది అయింది. అంచు మీది నాలుగు గుంటలేమిటని ఒకాయన గుచ్చిగుచ్చి అడిగితే, ఆకలికి పాప కొరికిన పళ్ళగుర్తులు అన్నాడు. గుంటలు ఒక్కోటి బొటనవేలంత వెడల్పున్నాయి. పసిపాపకి అన్నేసి పళ్ళెక్కడివని ఆ పెద్దమనిషీ అడగలేదు, ఆ తర్వాత వచ్చినవాళ్ళెవరూ అడగలేదు. జనం ఒకటో గదీ రెండో గదీ పరుగున దాటేసి మూడో గదికి వచ్చేవారు. ఆయన కుర్చీలోంచి లేచి, చొక్కా సర్దుకుని, మొదలుపెట్టేవాడు. చెప్పడం కూడా బాగా వచ్చేసింది. ఆ కాసేపూ ఆయన కాపలామనిషి కాదు.

ఇరవై రెండేళ్ళు ఇలా గడిచాక మ్యూజియం మూసి, గదులన్నీ బాగుచేయించడం మొదలుపెట్టారు. కొత్తగా వచ్చిన అధికారిణి చిన్న వయసుది, పని రాక్షసి, అబద్ధం అంటే ఒంటికాలి మీద లేచే మనిషి. ఆయన్ని బాబాయ్ అని పిలిచేది. పైకప్పు వేయించింది, గోడలు కడిగించింది, రెండేళ్ళు తిండీ నిద్రా మానేసి పనిచేసింది. చీటీలు పోయిన వస్తువుల గురించి ఊరివాళ్ళనే అడగాలని ఆవిడకి ఒక మంచి ఆలోచన వచ్చింది. రికార్డరు పట్టుకుని ఇంటింటికీ మనుషుల్ని పంపింది. అరవై మూడు మంది మాట్లాడారు. అందులో నలభై ఒక్కమంది తొట్టిలో పాప గురించి చెప్పారు. ఒకావిడ ఆ పాప తన మేనత్తకి వియ్యపురాలంది. ఒకాయన కుక్క తమదేనన్నాడు.

చివరికి ఆవిడ మూడో గదిని కూడా అడిగింది. "బాబాయ్, మీరు కూడా ఈ కథ విన్నారా?"

"విన్నానండీ" అన్నాడు. ఆయన చెవులు ఆయన నోటికి దగ్గరే కాబట్టి అది అబద్ధం కాదు.

అలా తొట్టి కొత్త మూడో గది మధ్యలోకి వచ్చింది. కింద నీలం దీపాలు పెట్టారు. లోపల గుడ్డలో చుట్టిన ప్లాస్టిక్ బొమ్మని పడుకోబెట్టారు. పైన స్పీకరు పెట్టారు, అందులోంచి నీళ్ళ హోరు, నాలుగు నిమిషాలకోసారి కుక్క అరుపు. వెనక నిలువెత్తు పలక మీద కథంతా అచ్చువేశారు, పళ్ళగుర్తులతో సహా.

తెరిచే రోజు ఇంకా వారం ఉందనగా ఆయన మనసు ఆగలేదు. నోటిమాటగా ఉన్నంతకాలం గాలికి పోయేది, ఇప్పుడు గోడకెక్కింది. ఇంకో నాలుగు నెలల్లో పదవీ విరమణ. వాళ్ళావిడ అప్పటికే తేల్చి చెప్పేసింది. "అబద్ధం ఆడింది మీరు, నమ్మింది వాళ్ళు. ఇప్పుడు అచ్చు వేస్తున్నది ఆఫీసు. ఆ ఆఫీసరు పిల్ల పీకల మీదికి రాకముందే చెప్పేయండి." చెప్పేద్దామనే అధికారిణి గదికి వెళ్ళాడు. "మేడమ్, ఆ తొట్టి కథ..." అన్నాడు.

"అదే మీకు చూపిద్దామనుకుంటున్నాను బాబాయ్, రండి" అని ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. పలకకి అడుగున ఒక వరస చూపించింది. ఈ కథను ఇన్నేళ్ళూ కాపాడి అందించినవారు, అని. ఆ పక్కనే ఆయన పేరు, ఇంటిపేరుతో సహా. "ఊళ్ళో ఎవరిని కదిపినా మూడో గది ఆయన చెప్పాడనే అన్నారు. మీ పేరు లేకపోతే ఎలా?"

ఆయన ఆ పేరుని చాలాసేపు చూశాడు. అచ్చులో అది ఎవరో గొప్పవాడి పేరులా ఉంది. గొంతుదాకా వచ్చిన మాట మళ్ళీ కిందికి దిగిపోయింది. ఆ సాయంత్రం వాళ్ళావిడ, "చెప్పారా?" అని అడిగితే నీళ్ళు నమిలాడు. ఆవిడ మిషను తొక్కడం ఆపలేదు. ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడటం మానేసింది.

తెరిచే రోజు రానే వచ్చింది. ముఖ్య అతిథి రిబ్బను కత్తిరించాడు. మూడో గదిలో నిలబడి కుక్క విశ్వాసం గురించి పదకొండు నిమిషాలు మాట్లాడాడు. మధ్యలో రెండుసార్లు స్పీకర్లోంచి కుక్క అరిచింది. రెండుసార్లూ ఆయన ఆగి, నవ్వి, మళ్ళీ అందుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటోలు తీశారు. పన్నెండింటికల్లా పెద్దవాళ్ళు వెళ్ళిపోయి మామూలు జనం మిగిలారు.

అప్పుడు వచ్చిందావిడ. డెబ్భై అయిదు పైబడిన ముసలావిడ, చేతికర్ర, భుజానికి గుడ్డ సంచి. గది గుమ్మంలో నిలబడి అటూ ఇటూ వెతికింది. తొట్టిని చూసి గబగబా దాని దగ్గరికి నడిచింది. కర్ర దానికి ఆనించి, ఎడమచెయ్యి తీసుకెళ్ళి అంచు మీది నాలుగు గుంటల్లో పెట్టింది. నాలుగు వేళ్ళూ నాలుగింట్లో కుదురుగా కూర్చున్నాయి. కొత్తగా పెట్టిన అలారం కీచుమంది.

మూడో గది పరుగెత్తుకొచ్చాడు. "ముట్టుకోకూడదమ్మా."

"ఇది మా అమ్మ తొట్టి బాబూ" అంది ఆవిడ, చెయ్యి తీయకుండా. "అమ్మ ఎడమచేత్తో ఇక్కడ పట్టుకుని, కుడిచేత్తో పిండేది. పట్టుకుని పట్టుకుని చెక్క అరిగిపోయింది. చూడు."

ఆయన గుంటల్లో ఉన్న ఆ వేళ్ళనే చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ చెబుతూనే ఉంది. ఆస్పత్రి వెనక షెడ్డులో ఆరు తొట్లుండేవి. ఆరుగురు ఆడవాళ్ళు, ఎవరి తొట్టి దగ్గర వాళ్ళు, ఒకరికొకరు సాయం చేసే తీరిక లేకుండా దుప్పట్లు ఉతికేవారు. చేతులు నొప్పెడుతున్నా అమ్మ ముప్ఫై ఎనిమిదేళ్ళు ఉతికింది. తర్వాత మిషన్లొచ్చాయి. అయిదు తొట్లు చీల్చి పొయ్యిలో పెట్టారు. అమ్మ ఇదొక్కటి అడిగి తెచ్చుకుంది. ఒంటి గదిలో ఎక్కడ పెట్టుకుంటారు? నలుగురి చేత తోపుడు బండి ఎక్కించి, తల్లీకూతుళ్ళు ఇద్దరూ ఇక్కడికి తోసుకొచ్చారు.

"ఇక్కడున్నాయన అమ్మ పేరు అడిగి చీటీ మీద రాసి పెట్టాడు. ఆ చీటీ చూసుకోడానికి అమ్మ రెండుసార్లు టిక్కెట్టు కొనుక్కుని మరీ వచ్చింది. నాకు కాళ్ళు ఆడినన్నాళ్ళూ తీరిక లేకపోయె. మళ్ళీ తెరుస్తున్నారని రేడియోలో చెప్తే వచ్చాను. చీటీ ఎక్కడుంది బాబూ?"

స్పీకర్లోంచి కుక్క అరిచింది.

చీటీ ఎక్కడుందో ఆవిడే వెతుక్కుంది. సంచిలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని పలక దగ్గరికి వెళ్ళింది. వేలు పెట్టుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ మొత్తం చదివింది. వరద, పాప, కుక్క, పళ్ళగుర్తులు. అడుగున ఉన్న పేరు కూడా చదివింది. మళ్ళీ మొదట్నుంచీ ఒకసారి చదివింది. మూడో గది ఆవిడ ముఖాన్నే చూస్తున్నాడు. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

ఆవిడ కళ్ళజోడు తీసి మడిచింది. "అయితే ఇది మాది కాదులా ఉంది" అంది. "అచ్చులో ఉంది కదా. పెద్దదాన్నయ్యాను, నేనే పొరబడ్డట్టున్నాను. ఏమనుకోకు బాబూ, ముట్టుకున్నాను." కర్ర అందుకుని గుమ్మం వైపు తిరిగింది.

ఆయన ఇరవై ఆరేళ్ళలో ఎంతోమందిని ముట్టుకోవద్దన్నాడు గానీ, ఎవరినీ చెయ్యి పట్టుకుని ఆపలేదు. ఆవిడని ఆపాడు.

"పొరబడలేదమ్మా. అది మీదే. ఆ రాసిందంతా నేను ఆడిన అబద్ధం."

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "వరద?"

"వరద వచ్చింది. పాప రాలేదు."

"కుక్క కూడా అబద్ధమేనా?"

"కుక్క కూడానమ్మా."

ఆవిడ "కుక్క బాగుంది" అంది.

ఇద్దరూ కలిసి అధికారిణి గదికి వెళ్ళారు. ఆయన నిలబడే అంతా చెప్పాడు. ఆ అమ్మాయి ముఖంలో రంగు పోయింది. రెండేళ్ళ కష్టం, పొద్దుటి చప్పట్లు, రేపటి పత్రికల్లో రాబోయే ఫోటోలు, అన్నీ ఆవిడ కళ్ళముందు తిరిగి ఉంటాయి. "ఇరవై ఆరేళ్ళుగానా బాబాయ్?" అంది.

"ఇరవై నాలుగండీ. మొదటి రెండేళ్ళూ చీటీ ఉంది."

"చదివారు కదా మరి?"

"చదివే ఉంటానండీ. గుర్తుంచుకోలేదు." ఆయనకి కథ అల్లినందుకు కాదు, ఆ పేరు మరిచిపోయినందుకు సిగ్గేసింది. ఆ సిగ్గు ఆయన్ని తర్వాత కూడా వదల్లేదు.

అధికారిణి ముసలావిడ వైపు తిరిగి, మెత్తగానే, ఏదైనా రుజువు ఉందా అని అడిగింది. అడగక తప్పదు, ఒకసారి కాలింది కదా. ముసలావిడ, "రుజువులేం ఉంటాయమ్మా మాకు. అడుగున నాలుగు అని కాల్చి ఉంటుంది. అమ్మది నాలుగో తొట్టి" అంది. అధికారిణి బీరువాలోంచి ఒక ఫైలు తీసింది. తొట్టిని శుభ్రం చేసినవాళ్ళు రాసి ఇచ్చిన కాగితం అందులో ఉంది. అడుగుభాగంలో నాలుగు అంకె కాల్చి ఉంది, అర్థం తెలియదు, అని ఉంది. ఆవిడ దాన్ని చదివి, బల్ల మీద పెట్టి, తల పట్టుకుంది.

ఆఫీసు అన్నాక దేనికైనా ఒక పద్ధతి ఉంటుంది. పలక మార్చాలంటే కమిటీ కూర్చోవాలి, కమిటీ కూర్చోడానికి మూడు నెలలు పడుతుంది. మూడో గదిని సంజాయిషీ రాసివ్వమన్నారు. తొట్టి గురించి నేను చెప్పినదంతా కల్పితం, కుక్కతో సహా, అని ఒకే వాక్యం రాసి సంతకం పెట్టాడు. ఈలోగా ఏం చేయమంటారని అధికారిణే అడిగితే, తన పేరున్న వరస మీద కాగితం అంటించమన్నాడు. తానే అంటించాడు. ముసలావిడ చెప్పగా ఆ కాగితం మీద ఆవిడ తల్లి పేరు రాశాడు. మొదటి అక్షరం కాస్త వంకరపోయింది. ముసలావిడ కళ్ళజోడు పెట్టుకుని చూసి, బాగానే ఉందంది.

ఇంటికెళ్ళి వాళ్ళావిడతో చెప్పాడు. ఆవిడ మిషను ఆపింది. "భోంచేద్దాం రండి" అంది. వారం రోజుల తర్వాత ఆయనతో అన్న మొదటి మాట అది.

మర్నాటి నుంచి ఆయన గదిలోకి వచ్చినవాళ్ళందరికీ నిజం చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్కరూ నమ్మలేదు. గోడ మీద అంత పెద్ద పలక ఉండగా కాపలామనిషి మాట ఎవడికి కావాలి? కుక్క తమదేనన్న పెద్దమనిషి అధికారిణికి ఫిర్యాదు రాసిచ్చాడు, కాపలావాడికి మతి చలించిందని. ఒక తల్లి పిల్లల్ని పక్కకి లాగి, "ఆయన మాటలకేంలే, మీరు ఇది చదవండి" అంది. అబద్ధం చెప్పినన్నాళ్ళూ కూర్చోమన్నా కూర్చోకుండా విన్నవాళ్ళు, నిజం మొదలెట్టగానే నాలుగో గదిలోకి నడిచేవారు. ఆయన మాత్రం చొక్కా సర్దుకుని మళ్ళీ మొదటినుంచీ చెప్పేవాడు.

విరమణకి ఇంకా తొమ్మిది రోజులుందనగా ఒక బడి పిల్లలు వచ్చారు. కమిటీ ఇంకా కూర్చోలేదు. ఆయన తొట్టి పక్కన నిలబడి ఆస్పత్రి గురించి, దుప్పట్ల గురించి, ముప్ఫై ఎనిమిదేళ్ళ గురించి చెప్పాడు. కాగితం మీది పేరు చదివి వినిపించాడు. పిల్లలు బొమ్మనే చూస్తున్నారు. చెప్పడం అయ్యేసరికి అందరూ వెళ్ళిపోయారు, ఒక్క పిల్ల తప్ప. ఆ పిల్ల స్పీకరు వైపు చూపించింది.

"మరి కుక్క అరుస్తోందిగా?"

"అది టేపమ్మా."

పిల్ల గుంటల్లోకి వంగి చూసింది. వేలు పెట్టబోయి, ఆయన వంక చూసి ఆగింది. ఫరవాలేదన్నట్టు ఆయన తలూపాడు. అలారం కీచుమంది, ఇద్దరూ పట్టించుకోలేదు. ఆ పిల్ల ఒక్కో గుంటలో ఒక్కో వేలు పెట్టి, నొక్కి చూసి, అడిగింది. "ఆవిడకి చేతులు నొప్పెట్టేవి కావా?"

"నొప్పెట్టేవమ్మా."

"ఎవరైనా సాయం చేసేవాళ్ళా?"

పక్క తొట్టిలో ఉతికే ఆవిడ ఒకతె వచ్చి చెయ్యి వేసేదనీ, ఇద్దరూ కలిసి పాడుకునేవారనీ ఆయన నాలుక చివరిదాకా వచ్చేసింది. ఆవిడకి ఏ రంగు చీర కట్టాలో కూడా తోచింది. పిల్ల తలెత్తి ఆయన ముఖంలోకి చూస్తోంది.

"లేదమ్మా" అన్నాడు మూడో గది. "ఎవరూ చేయలేదు."